చదరంగ నిపుణుడు కార్ల్ ష్లెక్టర్

మన శ్రీకాకుళ విజయనగర ప్రాంతములలో వేసవి మధ్యాహ్నములందు వీధి అరుగులమీద చదరంగము పరచుకొని కూర్చుండువారిని మీలో పలువురు చూచియుందురు. ఆడువారు ఇద్దరే యైనను, చుట్టును నిలిచి ఎత్తులు చెప్పువారు పదిమంది యుందురు. ఆ యాటలను శ్రద్ధగా గమనించినవారికి ఒక సంగతి తెలియగలదు. అన్ని యాటలును రాజు కట్టుబడువరకు సాగవు. ఒకడు తన మంత్రి పోయినంతనే పావులను చేతితో కలిపివేసి లేచును. మరియొకచోట ఇరువురికిని విసుగు పుట్టియో, ఇంటినుండి భోజనమునకు పిలుపు వచ్చియో, ఆట సరి యనుకొని పలకను తీసివేయుదురు. ఆ యాటలో ఎవడు గెలువవలసియుండెనో, ఓడితిననుకొన్నవానికి నిజముగా ఓటమి యుండెనో లేదో, అటుపిమ్మట తెలిసికొనుటకు ఉపాయము లేదు.

ఇట్లు ఆటను నడుమ విడుచుట అరుగులమీదనే కాదు, ప్రపంచ ప్రసిద్ధులగు ఆటగాండ్రలోను కలదు. ఇరువురును గెలుపోటములు లేకుండ ముగించుటను ఇంగ్లీషువారు డ్రా యందురు. మనవారును ఆ మాటనే వాడుచున్నారు గాన నేనును దానినే వాడెదను. డ్రాలకు పేరుపడిన ఆటగాండ్రలో మొదట చెప్పదగినవాడు ఆస్ట్రియా దేశస్థుడు కార్ల్ ష్లెక్టర్. జీవితమంతయు డ్రాకు వెనుదీయని ఆ మనుష్యుడు, ఒక్క డ్రా దొరకినచో చాలునను దినమున దానికొరకు ఆడకపోయెను. ఆ దినమున ఏమి జరిగినదో చెప్పుటకు ఆయన జీవితమును మొదటినుండి చెప్పవలసియున్నది.

అంతకుముందు మన విజయనగరమునకు సంబంధించిన ముచ్చట యొకటి కలదు. 1883వ సంవత్సరమున లండను నగరములో గొప్ప చదరంగపు పోటీ జరిగెను. ఆ కాలమున విజయనగర సంస్థానమును ఆనంద గజపతి మహారాజు పాలించుచుండెను. సంగీత సాహిత్యములకు ఆయన చేసిన పోషణ మనవారందరును ఎరిగినదే. ఆ మహారాజు లండను పోటీకి ధనసహాయము చేసెను. అందుచే ప్రధానమైన పోటీతోపాటు జరిగిన రెండవ తరగతి పోటీకి నిర్వాహకులు విజయనగరము పేరు పెట్టిరి. నేటికిని చదరంగ చరిత్ర గ్రంథములలో ఆ పేరు కనబడుచున్నది. విజయనగర పోటీలో ఇరువదిమందికి పైగా ఆడిరి. గెలిచినవాడు జర్మనీ దేశపు యువకుడు కర్ట్ ఫాన్ బార్డెలెబెన్. ఈ పేరు గుర్తుంచుకొనుడు. మన కథలో ఈతడు మరల రాగలడు.

లండనులో జరిగిన ప్రధాన పోటీకి ఒక నియమముండెను. ఇరువురి నడుమ ఆట డ్రా యైనచో అది లెక్కకు రాదు. మరల ఆడవలెను. రెండవమారును డ్రా యైనచో మూడవమారు ఆడవలెను. మూడవది కూడ డ్రా యైనప్పుడే చెరి సగము పాయింటు దక్కును. ఆటగాండ్రు తొందరపడి సరి యనుకొని లేచిపోవుదురను భయము నిర్వాహకులకు అప్పటికే కలదన్నమాట. ఆ పోటీలోనే జంట గడియారములు మొదటిసారిగా వాడుకలోనికి వచ్చెను. తక్కెడ దండెమువంటి దానికి రెండు కొనలయందును చెరియొక గడియారముండును. ఎత్తు వేసినవాడు తన వైపు కొనను వంచినచో తన గడియారము నిలిచి, ఎదుటివానిది నడచును. ఈ గడియారముల ప్రసక్తియు ముందు రాగలదు.

లండనులో ఇది జరుగునాటికి ష్లెక్టర్ తొమ్మిదేండ్ల బాలుడు. ఆయన 1874వ సంవత్సరము మార్చి 2వ తేదీన వియన్నా నగరమున జన్మించెను. ఆనాడు వియన్నా ఆస్ట్రియా-హంగెరీ సామ్రాజ్యమునకు రాజధాని. అచ్చటి కాఫీ హోటళ్ళు కాఫీ త్రాగి లేచిపోవు చోటులు కావు. పత్రికలు చదువువారు, పాటలు కట్టువారు, చదరంగమాడువారు అందు ఉదయము మొదలు రాత్రివరకు కూర్చుండెడివారు. మన అరుగులు చేయు పని అచ్చట కాఫీ హోటళ్ళు చేయుచుండెననవచ్చును. ష్లెక్టర్ పదుమూడవ యేట చదరంగము నేర్చుకొనెను. సామ్యూల్ గోల్డ్ అను పండితుడు ఆయనకు గురువు. గోల్డు చదరంగ సమస్యలను కల్పించుటలో నేర్పరి. మనకు అవధానములలో సమస్యాపూరణము వంటిది చదరంగములోను కలదు. పావులను ఒక విధముగా నిలిపి, ఇన్ని ఎత్తులలో కట్టుము అని యడుగుదురు. శిష్యుడును సమస్యలు కల్పించుట నేర్చెను. పైకి కదలిక లేనట్లు కనబడు పలకలో దాగియున్న ఎత్తును వెదకు అలవాటు ఆయనకు ఇట్లు చిన్ననాడే అబ్బినది.

1893వ సంవత్సరమున, పందొమ్మిదవ యేట, ఆయన జార్జ్ మార్కో అను వియన్నా నిపుణునితో పది యాటల పోటీ యాడెను. మార్కో ఆయనకంటె పదియేండ్లు పెద్దవాడు. ఫలితము వినుడు. పది యాటలును డ్రాలే! ఒక్కటియు తెగలేదు. మరుసటి యేడు వారిరువురును మరల తలపడిరి. ఈమారు చెరి నాలుగు గెలిచి, మూడు డ్రా చేసిరి. పోటీ మొత్తముమీద తిరిగి సమమే. 1896లో యనౌస్కీతో ఆడిన పోటీ సమము. 1899లో అలాపిన్‌తో ఆడినది సమము. 1904లో టైక్‌మన్‌తో ఆడినదియు సమమే. డ్రాల దిట్ట యని ఆయనకు పేరు స్థిరపడుటలో ఆశ్చర్యమేమున్నది?

డ్రాలన్నియు ఒక జాతివి కావు. ఇరువురును ఉన్న బలమంతయు ధారవోసి పోరాడి, చివరకు పలకమీద రాజులు రెండు, బంట్లు రెండు మిగిలి, గెలిచెడి దారి యెవరికిని లేకపోవుట ఒక విధము. ఇది యుద్ధము చేసిన తరువాతి సంధి. పదునైదు ఎత్తులైనను కాకుండ, పావులింకను నిండుగా నుండగానే, ఎదుటివాని బలమునకు జంకియో, అలసటచేతనో సరి యనుకొనుట రెండవ విధము. ఇది కత్తి దూయకముందే చేసికొన్న సంధి. గెలుపునకు ఒక పాయింటు, డ్రాకు సగము పాయింటు లభించుటచే, సగము చేతికి వచ్చినది చాలుననుకొనువారు ఎప్పుడును ఉందురు. వీరిని అదుపు చేయుటకు నిర్వాహకులు పడిన పాట్లు ఇన్నన్ని కావు. 1901, 1902 సంవత్సరములలో మాంటి కార్లో నగరమున జరిగిన పోటీలలో, మొదటి యాట డ్రా యైనచో చెరి నాలుగవ వంతు మాత్రమే ఇచ్చి, మిగిలిన సగమునకై మరల నాడించిరి. 2005లో బల్గేరియా దేశమున సోఫియా నగరపు పోటీలో ఆటగాండ్రు తమలో తాము డ్రా మాటలాడుకొనరాదని శాసించిరి. ఇన్ని నియమములు పుట్టినను ఆ అలవాటు పూర్తిగా పోలేదు.

ష్లెక్టర్ డ్రాలలో రెండు జాతులవియు కలవు. ఆయనకు గెలుచుట చేతకాక డ్రాలు చేసెనని తలచుట మాత్రము తప్పు. యౌవనముననే ఫ్లైసిగ్ అను నాతనితో ఆడిన యొక యాటలో ఆయన తన రెండేనుగులను ఎదుటి మంత్రికి ఆహారముగా విడిచివేసెను. ఆ మంత్రి మూలగళ్ళలో దోపిడి సాగించుచుండగా, ఈయన మిగిలిన కొద్ది బలముతో తెల్లరాజును తరిమి ఇరువదవ ఎత్తులో కట్టెను. అట్టి దాడి చేయగలవాడు సగము పాయింటుతో తృప్తిపడుటకు కారణము ఆయన స్వభావమున వెదకవలెను. ఆయన మిక్కిలి మెత్తనివాడు, మితభాషి. ఎదుటివాడు జ్వరముతోనో తలనొప్పితోనో వచ్చినచో, ఆ స్థితిలో వానిని ఓడించుటకు మనసొప్పక డ్రా చేసికొమ్మనెడివాడు. ఎదుటివాడు ఆలస్యముగా వచ్చినచో వాని గడియారమున ఎంతకాలము నష్టమైనదో అంతకాలము తన గడియారమునను ఎవరికంటను పడకుండ తగ్గించుకొనెడివాడు. 1883లో లండనులో పుట్టిన జంట గడియారమును ఈ విధముగా వాడినవాడు మరియొకడున్నట్లు నేను వినలేదు.

ఈ మర్యాదను అందరును మెచ్చుకొందురు. నేనును మెచ్చుకొందును. ఐనను ఒక మాట చెప్పక తప్పదు. గడియారమున కాలము తగ్గించుకొన్నప్పుడు నష్టపడువాడు తానొక్కడే. పదిమంది యాడు పోటీలో రోగికి సగము పాయింటు ఇచ్చినప్పుడు, ఆ రోగితో సమానముగా నిలిచి పోరాడుచున్న మూడవవానికి కూడ నష్టము కలుగును. దాతృత్వమైనను తన సొమ్ముతో చేయవలెను గదా. ష్లెక్టరునకు ఈ యాలోచన కలిగెనో లేదో గాని, ఆయనపై ఎవరును కోపగించుకొన్నట్లు కనబడదు.

ఆట ముగియకముందే లేచిపోవుటలో డ్రా యొక మార్గము. ఓటమి ఒప్పుకొనుట మరియొక మార్గము. ఈ రెండవదానిలో ష్లెక్టర్ చుట్టునున్నవారికి జరిగిన రెండు సంఘటనలు వినదగినవి.

మొదటిది 1895లో ఇంగ్లండు సముద్రతీరమున హేస్టింగ్సు పట్టణములో జరిగినది. ఆ పోటీలో ఇరువదియిద్దరు ఆడిరి. ష్లెక్టరును వారిలో నొకడు. విజయనగర పోటీ గెలిచిన బార్డెలెబెన్ మొదటి దినములలో చక్కగా నాడి ముందు వరుసలో నిలిచెను. అంతట ఆయనకు వృద్ధుడైన స్టైనిట్సుతో ఆట పడెను. స్టైనిట్సు అంతకు ముందటి సంవత్సరమే ప్రపంచ విజేత పదవిని పోగొట్టుకొన్నవాడు. ఆనాడు ఆయన తెల్ల ఏనుగు నల్లరాజు ముంగిట వరుసలో దూరి, ఎత్తు తరువాత ఎత్తుగా అపాయములోనే నిలిచి, ఎవరికిని చంపుటకు వీలుకాకుండ తిరుగసాగెను. దానిని మంత్రితో చంపిన మంత్రి పోవును, రాజుతో చంపిన రాజ్యము పోవును. బార్డెలెబెన్ పలకను చూచెను, గడియారమును చూచెను. ఒక్క మాటయైన ఆడక లేచి గదినుండి వెలుపలికి పోయెను. మరల రాలేదు. గడియారమున కాలము తీరినందున ఓడినట్లు నిర్ణయించిరి. తరువాత స్టైనిట్సు మిగిలిన ఎత్తులనన్నిటిని పలకమీద వేసి, రాజు ఎట్లు కట్టుబడునో చూపరులకు చూపెను. అందమైన ఆటకిచ్చు మొదటి బహుమానము దానికే దక్కినది. బార్డెలెబెన్ తొందరపడి ఓటమి ఒప్పుకొనలేదు. ఒప్పుకొనవలసినచోటను ఒప్పుకొనలేదు. ఆ పోటీలో చివరకు ఆయన ఏడవ ఎనిమిదవ స్థానములను మరియొకనితో పంచుకొనెను. ఆయన వెనుకనే తొమ్మిదవవాడు మన ష్లెక్టర్.

రెండవ సంఘటన 1902లో మాంటి కార్లోలో జరిగినది. ఇందలి నాయకుడు ష్లెక్టరుతో పది డ్రాలు చేసిన మార్కోయే. ఎదుటివాడు ఫాన్ పోపియెల్. మీ యింట చదరంగమున్నచో ఈ స్థితిని పలకమీద నిలిపి చూడుడు. మార్కో నల్లపావులవాడు. ఆయన శకటు పలక నడుమ నిలిచియున్నది. దాని వెనుక అదే నిలువు వరుసలో ఆయన ఏనుగు కలదు. ముందు వైపున తెల్లమంత్రి కలదు. ఆ మంత్రి వెనుక తెల్ల ఏనుగును కలదు. శకటును తెల్లవారు ముట్టడించిరి. దానిని కాపాడుటకు చాలినంత బలము లేదు. కదల్చినచో వెనుకనున్న ఏనుగు మంత్రి నోట పడును. ఎటు చూచినను శకటు పోక తప్పదని మార్కో తలచి, ఓటమి ఒప్పుకొని లేచెను.

ఆయన లేవక మరికొంతసేపు కూర్చుండియున్నచో ఏమి చూచియుండెడివాడు? ఆ శకటును కదల్పవచ్చును. కదల్చి తెల్లరాజు ప్రక్కగడిలోనే, రాజును ఆనుకొని నిలుపవలెను. అంతటితో రెండు పనులు ఒక్కమారు జరుగును. శకటు తొలగినందున నల్ల ఏనుగు తెల్లమంత్రిమీదికి తెరచుకొనును. నల్లమంత్రి శకటు అండతో తెల్లరాజు ముందరి బంటును కొట్టి ఆట కట్టుటకు సిద్ధమగును. తెల్లమంత్రి నల్ల ఏనుగును చంపినచో రాజు చచ్చును. రాజును కాపాడుకొన్నచో మంత్రి చచ్చును. ఓడితినని లేచినవాడు గెలిచియుండెను! పోవుచున్నదని విడిచిన శకటే గెలుపునిచ్చెడిది. రాజు సరసకు శత్రువు శకటు వచ్చి నిలుచుట అసహజముగా కనబడును గాన, ఆ గడివైపునకు మార్కో దృష్టి పోలేదు. ఆయన సామాన్యుడు కాడు. చదరంగ పత్రికకు సంపాదకుడు, ఇతరుల ఆటలలోని తప్పులను విప్పి చూపుటలో ప్రసిద్ధుడు. ఐనను నేడు ఆయన పేరు చెప్పినంతనే, గెలిచిన ఆటను వదలుకొన్నవాడనియే అందరును తలచుకొందురు. ఇది అన్యాయమే, కాని లోకము తీరు అట్టిది.

ఇక ష్లెక్టరు సంగతికి వత్తము. 1900 మొదలు పదియేండ్లు ఆయనకు మంచి కాలము. 1900లో మ్యూనిక్ పోటీలో మొదటి స్థానమును అమెరికావాడగు పిల్స్‌బరీతో పంచుకొనెను. 1904లో కోబర్గులో మొదటి స్థానము మువ్వురికి సమముగా వచ్చెను. వారు ష్లెక్టర్, స్విడెర్స్కీ, విజయనగర పోటీ గెలిచిన బార్డెలెబెన్. 1906లో బెల్జియము దేశపు ఆస్టెండులో ఆయన ఒక్కడే మొదటివాడయ్యెను. 1908లో వియన్నాలోను ప్రాగులోను మొదటి స్థానమున నిలిచినవారిలో ఆయన పేరు కలదు. ఓటములు అరుదు, డ్రాలు మెండు, మిగిలినవి గెలుపులు. ఈ లెక్కతో ఆయన ప్రపంచ విజేతతో తలపడ దగినవాడయ్యెను.

ఆ కాలమున ప్రపంచ విజేత ఇమాన్యుయల్ లాస్కర్. 1894లో స్టైనిట్సును గెలిచినది మొదలు ఆ పదవిలో నున్నవాడు. గణితశాస్త్రమున పండితుడు. ఆయన ఆటలోని విశేషమేమనగా, చెడిపోయిన స్థితిలో నుండి బయటపడుటలో ఆయనకు సాటి లేదు. ఇతరులు తలవంచి లేచిపోవు చోట ఆయన కుర్చీని దగ్గరకు లాగుకొని కూర్చుండును. ఎదుటివానికి పని పెట్టు ఎత్తులను వేయుచు, వాడు అలసి తప్పు చేయువరకు వేచియుండును. సగము పాయింటుతో లేచువాడొకడు, సగము ప్రాణముతో నైనను లేవనివాడొకడు. వీరిరువురికి 1910వ సంవత్సరము జనవరిలో పోటీ మొదలయ్యెను. ధనము చాలినంత పోగుకానందున పది యాటలకే దానిని పరిమితము చేసిరి. మొదటి ఐదు వియన్నాలో, తక్కినవి బెర్లినులో.

మొదటి యాటలోనే లాస్కర్ చిక్కులలో పడెను. పావులు మారిమారి చివరకు ఏనుగుల పోరాటము మిగిలినప్పుడు ష్లెక్టరునకు బంటు ఎక్కువయ్యెను. లాస్కర్ తన ఏనుగును చురుకుగా నుంచుటకై చేతిలోనిదానిని కూడ వదలుకొని, ఓర్పుతో ఆటను డ్రాకు లాగెను. రెండు, మూడు, నాలుగు ఆటలు కూడ డ్రాలే. ఐదవ యాటలో వింత జరిగెను. ఈమారు మంచి స్థితి లాస్కరుది. అందరును ఆయన గెలుచునని తలచిరి. ష్లెక్టర్ లేవలేదు. ఎవరి విద్యను వారిమీదనే ప్రయోగించినట్లు, ఓర్పుతో కాచుకొనియుండి, లాస్కర్ తప్పు ఎత్తు వేసినంతనే పట్టుకొని గెలిచెను. వియన్నా నగరము సంతోషముతో పొంగినది. బెర్లినులో ఆరు మొదలు తొమ్మిదివరకు నాలుగాటలును డ్రాలైనవి. ష్లెక్టరునకు 5 పాయింట్లు, లాస్కరునకు 4. మిగిలినది ఒకే యాట. ఆ యాట డ్రా యైనచో ష్లెక్టర్ పోటీ గెలుచును.

కేవలము ఒక పాయింటు ఆధిక్యముతో ప్రపంచ విజేత పదవి చేతులు మారునా, లేక రెండు పాయింట్లు కావలెనా యను విషయమున చరిత్రకారులకు నేటికిని ఏకాభిప్రాయము లేదు. రెండు పాయింట్లు కావలసియుండెను గనుకనే ష్లెక్టర్ చివరి యాటలో గెలుపునకు పోయెనని కొందరందురు. అట్టి షరతు ఆ పది యాటల పోటీకి లేదని మరికొందరందురు. షరతు ఉన్నను లేకున్నను, పోటీలో లాస్కరును ఓడించినవాడను కీర్తికి డ్రా చాలియుండెను.

పదవ యాట 1910 ఫిబ్రవరి 8వ తేదీన మొదలై మూడు దినములు సాగెను. లాస్కరువి తెల్లపావులు. డ్రాల దిట్ట యను పేరున్నవాడు ఆనాడు గోడకట్టుకొని కూర్చుండునని చూడవచ్చినవారు తలచియుందురు. ఆయన అట్లు చేయలేదు. తన రాజును కాచుచుండవలసిన బంట్లనే ముందుకు త్రోసి దాడికి దిగెను. ఇరువైపుల రాజులకును నీడ లేకుండ పోయినది. నడుమ నడుమ ఆటను నిలిపి, మరునాడు మరల సాగించుచుండిరి. చాలవరకు ష్లెక్టరు స్థితియే మెరుగుగా నుండెను. 35వ ఎత్తున ఆయన ఏనుగును ఇచ్చి చిన్నపావును పుచ్చుకొనెను. దాడి ఫలించునని ఆశ. నెమ్మదియైన ఎత్తు వేసియున్నచో ఆయనకే మేలుగా నుండెడిదని తరువాత పరిశోధించినవారు తేల్చిరి. ఆ పిమ్మటనైనను, రాజుమీద దాడి సాగించుచు డ్రా తీసికొను దారి యొకటి ఉండెనని వారే చూపిరి. ఆయన దానిలోనికి పోలేదు. దాడి తగ్గినది. లాస్కర్ తన రాజును పలక నడుమకు నడిపించి, ఒక్కొక్క అపాయమునే దాటించి, క్షేమమైన చోట చేర్చెను. 71వ ఎత్తున ష్లెక్టర్ ఓటమి ఒప్పుకొనెను. ఈమారు ఆయన తొందరపడలేదు. ఇక ఆడుటకేమియు మిగులలేదు.

పోటీ 5-5గా ముగిసెను. లాస్కర్ పదవి లాస్కరునకే మిగిలెను. పోటీలన్నియు సమముగా ముగియుట ష్లెక్టరు జాతకమున నుండెను కాబోలు. ఈ సమము మాత్రము ఆయన కోరినది కాదు.

ఆయన ఎందుకట్లు ఆడెను? షరతు గూర్చిన వాదము మీరు వింటిరి. నాకు తోచునది వేరు. అన్ని యాటలలోను ఎదుటివానికి మర్యాదగా సగము ఇచ్చినవాడు, తనకు అత్యవసరమైన దినమున ఎదుటివానినుండి సగము పుచ్చుకొని, దానితో విజేతగా నిలుచుటకు సిగ్గుపడెనేమో. ఐదవ యాటలో తనకు దక్కిన గెలుపు లాస్కరు తప్పువలన వచ్చినదను మాట ఆయన మనసున నుండియుండవచ్చును. ఇది నా యూహ మాత్రమే. చదరంగము తెలిసినవారు ఆటను చూచి, ఆయన ఆ స్థితిలో గెలుపు కలదని నిజముగా నమ్మెనని చెప్పుదురు. అదియు సమంజసమే.

ఆ వైఫల్యము ఆయనను క్రుంగదీయలేదు. అదే సంవత్సరము హాంబర్గులో జరిగిన పెద్ద పోటీలో ఆయన మొదటివాడయ్యెను. 1911లో టరాష్ అను జర్మను నిపుణునితో పదునారు ఆటల పోటీ యాడెను. చెరి మూడు గెలుపులు, పది డ్రాలు! ఇదియు సమమే. ఈ కాలమున ఆయన చేసిన గొప్ప పని మరియొకటి కలదు. జర్మను భాషలో బిల్గర్ పేర పిలువబడు చదరంగ మహాగ్రంథము కలదు. ఆట ఎన్ని విధముల మొదలుపెట్టవచ్చునో అదియంతయు అందు వివరింపబడియుండును. దాని ఎనిమిదవ కూర్పును ష్లెక్టర్ సిద్ధపరచెను. వేయి పుటలకు మించిన ఆ గ్రంథము 1912 మొదలు 1916 వరకు భాగములుగా వెలువడెను. మొదటి ఎత్తు మొదలు చివరివరకు ఓర్పుతో వెదకు ఆయన స్వభావమునకు ఇంతకంటె తగిన పని లేదు.

1914లో ప్రపంచ యుద్ధము వచ్చెను. పోటీలు ఆగిపోయెను. చదరంగమే జీవనాధారముగా గలవారికి తిండి లేకపోయెను. వియన్నా నగరమున రొట్టె, బొగ్గు దొరకుట కష్టమయ్యెను. 1918లో ష్లెక్టర్ బెర్లినుకు పోయి, లాస్కర్, రూబిన్‌స్టైన్, టరాష్ అను మువ్వురతో కూడిన పోటీలో ఆడి మూడవ స్థానమున నిలిచెను. అప్పటికే ఆయన దేహము శుష్కించియుండెను. ఆ నవంబరులో సామ్రాజ్యము ముక్కలయ్యెను. వియన్నాకును బుడాపెస్టుకును నడుమ కొత్త సరిహద్దు ఏర్పడెను. డిసెంబరు చలిలో ఆయన బుడాపెస్టుకు పోయెను. తాను పస్తులున్నట్లు, చేత డబ్బు లేనట్లు ఆయన మిత్రులకెవరికిని చెప్పలేదందురు. అడిగియున్నచో పెట్టుటకు అచ్చట చదరంగ మిత్రులుండిరి. ఆకలియు, న్యుమోనియా జ్వరమును కలిసి, 1918 డిసెంబరు 27వ తేదీన ఆయన ప్రాణములు తీసెను. వయస్సు నలుబదినాలుగేండ్లు. ఆయనను బుడాపెస్టులోనే సమాధి చేసిరి.

లాస్కర్ 1921వరకు ప్రపంచ విజేతగా నుండి, హవానా నగరమున కాపాబ్లాంకా చేతిలో ఆ పదవిని పోగొట్టుకొనెను. మార్కో 1923లోను, బార్డెలెబెన్ 1924లోను మరణించిరి. పదవ యాట ఎత్తులన్నియు పుస్తకములలో అచ్చుపడియున్నవి. 35వ ఎత్తువరకు పలకమీద వేసి, అచ్చట ఆగి, ష్లెక్టరు స్థానమున తామున్నచో ఏమి ఆడియుందుమా యని చదరంగము నేర్చువారు నేటికిని ఆలోచించుచున్నారు.